ద్రోహి అని నేను పెట్టిన శీర్షిక

పత్రికల్లో సబ్ ఎడిటర్లుగా చేరబోయే పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా డెస్క్‌లో కూర్చున్నవాణ్ణి కాబట్టి నా దగ్గర ఏదో సరుకుంటుందని వాళ్ల నమ్మకం. ఏ ఎడిటర్ నన్ను ఎప్పుడు మెచ్చుకున్నాడో, ఏ ఏడు నా హోదా మారిందో రాస్తే మీకు పైసా ఉపయోగం లేదు. సిగ్గుపడాల్సిన పని మాత్రం ఒకటి చేశాను. అది ఎలా జరిగిందో తెలియాలంటే ముందు మా ఉద్యోగం ఎలాంటిదో తెలియాలి.

ఉప్పల్ చౌరస్తాకు కాస్త అవతల, టైర్ల దుకాణం పైన ఉండేది మా జోన్ ఆఫీసు. ఉప్పల్, నాచారం, బోడుప్పల్ చుట్టుపక్కల వార్తలకు రెండు పేజీలు. ఊళ్లో తిరిగి వార్త పంపేవాడు విలేకరి. దాన్ని దిద్ది, కుదించి, శీర్షిక పెట్టేవాణ్ణి నేను. విలేకరి పేరు వార్త కింద పడుతుంది. శీర్షిక ఎవరు పెట్టారో ఎక్కడా ఉండదు. జనం చదివేదేమో శీర్షికే. పేరు పడని చోట మనిషికి ధైర్యం కొంచెం ఎక్కువే వస్తుంది. నాకూ వచ్చింది.

డ్రాయర్‌లో కాగితం

మా డెస్క్ ఇన్‌ఛార్జి శేషగిరి గారు. ఒంగోలు మనిషి. పని రాక్షసుడు, మాట మెత్తన. నేను చేరిన మొదటి వారంలోనే తన డ్రాయర్‌లోంచి ఒక కాగితం తీసి చూపించాడు. రెండు వరుసల్లో మాటలు రాసి ఉన్నాయి. ఒక నాయకుడు మన యాజమాన్యానికి ఇష్టమైన పార్టీలోకి వస్తే ‘చేరిక’, ‘గూటికి’, ‘అండగా’. అదే నాయకుడు అక్కడి నుంచి వెళ్లిపోతే ‘ఫిరాయింపు’, ‘గోడ దూకిన’, ‘వెన్నుపోటు’.

"మరి రెంటికీ మధ్య మాట లేదా సార్?" అని అడిగాను.

"‘పార్టీ మారారు’ అని ఉంది. అది రాస్తే వార్త చప్పగా ఉంటుంది మూర్తీ," అన్నాడు.

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుతోనే సగం నేర్చేసుకున్నాను. కొన్నాళ్లకు నాకా కాగితం చూడాల్సిన పనే లేకపోయింది. ఎవడు ఎటు దూకినా చెయ్యి దానంతటదే సరైన వరుసలోంచి మాట తీసేది. ఎన్నికలు మారినప్పుడల్లా యాజమాన్యం ఇష్టాలూ మారేవి. అప్పుడు శేషగిరి గారు ఏమీ చెప్పేవాడు కాదు, రెండు రోజులు ఆయన దిద్దిన పేజీలు చూస్తే మాకే అర్థమయ్యేది.

ఇంకా చాలా ఉండేవి మాటలు. తొత్తు, కోవర్టు, ఇంటిదొంగ, అమ్ముడుపోయినవాడు. ఒక్కోదానికి ఒక్కో సీజన్. వీటన్నింటికీ పెద్దన్న ‘ద్రోహి’. పార్టీ ద్రోహి, జాతి ద్రోహి, ఉద్యమ ద్రోహి, ఈమధ్య దేశద్రోహి. ముందు ఏది తగిలించినా సరిపోతుంది. చిన్న మాట, సింగిల్ కాలమ్‌లోనూ పడుతుంది. మేం దాన్ని ఉప్పులా వాడాం.

దొంగ అంటే నోటీసు వస్తుంది

ఈ మాటల్లో ఒక సౌకర్యం ఉంది. పత్రికల బయట ఎవరూ దీని గురించి ఆలోచించరు. ఒకణ్ణి దొంగ అని రాస్తే వాడి వకీలు మర్నాడు నోటీసు పంపుతాడు. ఏం దొంగిలించాడు, ఎక్కడ, సాక్షి ఎవరు, చెప్పాల్సిందే. ద్రోహి అని రాస్తే నా సర్వీసులో ఒక్క నోటీసు రాలేదు. ఎవరికి ద్రోహం, ఏం ద్రోహం అని అడిగినవాడూ లేడు. రుజువు అక్కర్లేని నేరం అది. అన్నవాడు రుజువు చెయ్యక్కర్లేదు, పడ్డవాడు కాదని రుజువు చేసుకోలేడు. నేను ఎవరికీ ద్రోహం చెయ్యలేదని మనిషి ఏ కాగితం తెచ్చి చూపించగలడు?

ఇంత తెలిసీ వాడాను. తెలియక చేశానని చెప్పుకునే అదృష్టం నాకు లేదు.

పెద్ద నాయకుల మీద వాడినంతకాలం ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున ద్రోహి అనిపించుకున్నవాడు సాయంత్రం అన్నవాడితోనే కలిసి ఫంక్షన్ హాల్లో భోంచేసేవాడు. వాళ్లకది ఆట. దాన్నిబట్టే నాకు ఆ మాట వట్టి ఆటవస్తువని అనిపించిందేమో. మామూలు మనిషి మీద పడితే ఏమవుతుందో అప్పటికి నేను చూడలేదు.

గుమ్మడికాయల దొంగ

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులు. ఆ ఉద్యమం న్యాయమైనది. నేనిక్కడ రాసే తప్పు దానిది కాదు. నాది.

మా నాన్న తెనాలి పక్కనుంచి నాచారానికి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడే చదివాను. అయినా ఇంట్లో మాట్లాడేది అమ్మ యాసే. నోరు తెరిస్తే ‘వచ్చాడు, వెళ్లాడు’ అని దొరికిపోయేవాణ్ణి. టీ కొట్టు దగ్గర నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, నిజం చెప్పాలి. పైగా పక్కింటి వాళ్లు "మీకేం ఫికర్ లేదన్నా, మీరు మనోళ్లే" అని ధైర్యం చెప్పేవారు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు నేనే తడుముకునేవాణ్ణి. డెస్క్‌లో నేనూ శేషగిరి గారూ ఇద్దరం అటువాళ్లమే. మా పేజీలో ఎక్కడైనా ఉద్యమం వార్త చిన్నదైతే మా ఇంటిపేర్లు బయటికొస్తాయని మా భయం. అందుకని ఉద్యమకారుల కంటే రెండాకులు ఎక్కువే చదివినట్టు శీర్షికలు పెట్టేవాళ్లం. నన్ను ద్రోహి అని ఎవరైనా అనేలోపు నేనే ఇంకెవరినో అనేస్తే సరిపోతుందని లోపల ఎక్కడో ఉండేది. అప్పుడు దానికి ఈ పేరు పెట్టుకోలేదు. వృత్తి నైపుణ్యం అనుకున్నాను.

నీళ్ల వార్త

సర్కారు ఉద్యోగులంతా సమ్మెలో ఉన్నారు. ఒకరోజు మధ్యాహ్నం నాచారం విలేకరి యాదగిరి ఫోన్ చేశాడు.

"సార్, మస్తు వార్త ఉంది. సమ్మెల ఉండి ఒక లైన్‌మన్ డ్యూటీ జేసిండు. బస్తీకి నీళ్లు ఇడిసిండు. మల్లేశన్న గరమ్ మీదున్నడు."

లైన్‌మన్ అంటే మా వైపు నల్లా నీళ్ల వాల్వ్ తిప్పే మనిషి. చేతిలో పొడుగాటి ఇనుప చావి పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతాడు. పేరు సాల్మన్. మల్లేశ్ ఆ వార్డులో ఎదుగుతున్న నాయకుడు, ఉద్యమం మీటింగుల్లో మైకు అతని చేతిలోనే ఉండేది. "ప్రజలంతా త్యాగాలు చేస్తుంటే ఈ సాల్మన్ అమ్ముడుపోయి సమ్మెకు తూట్లు పొడిచిండు, వీడు ఉద్యమ ద్రోహి" అని మల్లేశ్ అన్నట్టు యాదగిరి వార్త పంపాడు. సాల్మన్ ఫొటో కూడా పంపాడు. చావి పట్టుకుని, తల కొంచెం పక్కకు తిప్పి ఉన్నాడు.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఒకరి మీద ఆరోపణ వేస్తే, రెండోవాణ్ణి అడిగి అతని మాట కూడా వెయ్యాలి. దాన్ని వివరణ అంటాం. చిన్న ఇంజినీరు మీద వార్త వచ్చినా వివరణ లేకుండా పేజీలో పెట్టేవాళ్లం కాదు. లైన్‌మన్ విషయంలో నాకది గుర్తుకే రాలేదు. కాదు, ఇదీ అబద్ధమే. గుర్తొచ్చింది. యాదగిరిని అడిగాను కూడా.

"ఆయన నంబర్ నా దగ్గర లేదు సార్. తెప్పియ్యాల్నా?"

ఆరున్నరకు పేజీ వదలాలి. అప్పటికి నాలుగే అయింది. గంటలో నంబరు దొరికేది. "వద్దులే, లైన్‌మనే కదా" అన్నాను. ఈ నాలుగు ముక్కల్లో నా గురించి చెప్పాల్సినదంతా ఉంది.

‘నాచారంలో ఉద్యమ ద్రోహి’ అని నాలుగు కాలమ్‌ల శీర్షిక పెట్టాను. కింద ఫొటో. అన్నది మల్లేశ్ అని లోపల నాలుగో పేరాలో ఉంది. శేషగిరి గారు చూసి "బాగా కూర్చుంది" అన్నాడు. ఆ వారం హెడ్డాఫీసు వాళ్లు మంచి శీర్షికల్లో దాన్ని ఎంచారు, ఆఫీసు బోర్డు మీద అంటించారు. నేను ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పుకున్నాను కూడా.

సవరణ అడిగిన మనిషి

మూడో రోజు మెట్లెక్కి ఒకాయన వచ్చాడు. ఫొటో చూసి ఉన్నాను కాబట్టి వెంటనే గుర్తుపట్టాను. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. చేతిలో పేపర్ ముక్క, ఇంకో మడత కాగితం. నా కంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నేను "ఏం కావాలి నీకు?" అన్నాను. కూర్చోమనలేదు.

"సార్, గిది రాసింది ఎవలు?"

"ఆ మాట అన్నది మేం కాదు, మల్లేశ్ అన్నాడు. ఎవరేమంటే అది వేస్తాం."

"నన్ను గూడ అడగాలె గద సార్. అడిగితే చెప్తుంటి."

మడత కాగితం విప్పి బల్ల మీద పెట్టాడు. ఆయన యూనియన్ వాళ్లు రాసిచ్చింది. సమ్మెలో నీళ్లకు, దవాఖానాలకు మినహాయింపు ఉందని, బస్తీలకు వంతు ప్రకారం నీళ్లు వదిలే పని సాల్మన్‌కే అప్పగించామని అందులో ఉంది. పొద్దున ఆయన కూడా దీక్ష టెంటులో కూర్చుని, తర్వాతే డ్యూటీకి వెళ్లేవాడట.

"మరి మల్లేశ్ ఎందుకన్నాడు?"

"ఆయన కొత్త బిల్డింగు సంపు నిండాల్నని వంతు లేకుండ గంటసేపు ఇడువమన్నడు సార్. ఇడువలె. బస్తీల పిల్లలు బిందెలు వట్టుకొని నిలవడ్డరు. వాళ్లది వంతు. వాళ్లకు ఇడిసిన. గంతే."

కోపంగా చెప్పలేదు. నాకు ఏదో లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో చూపిస్తున్నట్టు చెప్పాడు. సవరణ వేస్తామని అన్నాను. ఆయన ఆ కాగితం మళ్లీ మడిచి పెట్టుకుని, సవరణ కోరుతూ తను రాసుకొచ్చిన ఉత్తరం జేబులోంచి తీసి ఇచ్చాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఎల్లుండి ఆదివారం సార్. అప్పటికి పడితే మంచిగుంటది" అన్నాడు. ఆదివారం ఎందుకో నేను అడగలేదు.

ఉత్తరం పట్టుకుని శేషగిరి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"వెయ్యాల్సిందే. కానీ ఈ టైమ్‌లో వేస్తే, ఉద్యమ ద్రోహిని వెనకేసుకొచ్చింది ఎవడని చూస్తారు. చూస్తే నువ్వూ నేనూ కనిపిస్తాం మూర్తీ. నాలుగు రోజులు ఆగుదాం."

నేను వాదించి ఉండాల్సింది. వాదించలేదు. లోపల హాయిగా అనిపించింది, ఆ మాట ఆయన నోట వచ్చినందుకు. నాలుగు రోజులు గడిచాయి, నెల గడిచింది. ఉత్తరం నా డ్రాయర్‌లో కింద పేపర్లలో కలిసిపోయింది. ఆఫీసు మారినప్పుడు అదెటు పోయిందో తెలియదు. సాల్మన్ మళ్లీ రాలేదు. రాలేదంటే సద్దుమణిగిందని అనుకున్నాను. బాసులు తప్పు చెప్పారని బాసుల మీద తోసెయ్యకండి. వాళ్లు చెప్పినది మనకు అనుకూలంగా ఉంది కాబట్టే మనం విన్నాం.

మిఠాయి డబ్బా

రాష్ట్రం వచ్చింది. మల్లేశ్ మొదట ఏ పార్టీని తిట్టి పైకొచ్చాడో ఆ పార్టీలోనే చేరాడు. ఆ వార్తా నా బల్ల మీదికే వచ్చింది. ‘అభివృద్ధి కోసమే చేరిక: మల్లేశ్’ అని శీర్షిక పెట్టాను. కొన్నేళ్లకు అక్కడా టికెట్టు రాక బయటికొచ్చాడు. అప్పుడు ‘ఆత్మగౌరవం కోసమే’ అని పెట్టాను. ఏ రోటికాడ ఆ పాట. వంతు వచ్చినప్పుడు నీళ్లు వదిలినవాడికి ద్రోహి అన్న మాట పట్టింది. ఇటోసారి అటోసారి దూకినవాడికి మాత్రం ఆ మాట నా చేతికి రాలేదు.

ఒకసారి మల్లేశ్ స్వయంగా ఆఫీసుకు మిఠాయి డబ్బా తెచ్చాడు. "మీరు మాకు మస్తు చేసిన్రు సార్" అన్నాడు. నేను ఒకటి తీసుకున్నాను. ఆ రోజు సాల్మన్ గుర్తొచ్చాడని రాసుకోవాలని ఉంది. రాలేదు.

బోడుప్పల్ క్లాసు

రిటైరయ్యాక బోడుప్పల్‌లో ఒక శిక్షణ సంస్థ వాళ్లు కొత్త పిల్లలకు శీర్షికల మీద క్లాసు చెప్పమన్నారు. నా దగ్గర మంచి శీర్షికల ఫైలు ఒకటుంది, ముప్పై ఏళ్లుగా కత్తిరించి దాచుకున్నది. అందులోంచి పది తీసి తెరమీద వేయించాను. అందులో ఒకటి ‘నాచారంలో ఉద్యమ ద్రోహి’. స్థలం, సందర్భం, వ్యక్తి, మూడూ మూడు మాటల్లో ఎలా చెప్పాలో దానికి ఉదాహరణగా చూపించాను. ఆ శీర్షిక పెట్టిన మనిషి దాన్ని తప్పుగా గుర్తుపెట్టుకోలేదు, గొప్పగా దాచుకున్నాడు. అది మీరు గమనించాలి.

ముందు వరుసలో శిరీష అనే అమ్మాయి చెయ్యెత్తింది. ఆమె వార్త మొత్తం చదివింది, తెరమీద చిన్న అక్షరాలు కూడా.

"సార్, ఇందులో ఆయన వివరణ లేదేంటి?"

"అప్పుడు టైమ్ లేదమ్మా" అన్నాను.

"తర్వాత రోజు వేశారా?"

క్లాసులో ముప్పైమంది దాకా ఉన్నారు. లేదు అన్నాను. ఆమె తల వంచుకుని నోట్సులో ఏదో రాసుకుంది. ఇంకేమీ అడగలేదు. తక్కిన తొమ్మిది శీర్షికల గురించి ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూర్చుండిపోయాను. నాకు చాలా సిగ్గేసింది. ఇన్నేళ్లకు వేసింది కదా అని అందులోనూ ఇంకో సిగ్గు.

"ఆడ జెప్పున్రి"

యాదగిరికి ఫోన్ చేశాను. ఈసారి నంబరు అరగంటలో దొరికింది. సాల్మన్ గారు జవహర్‌నగర్‌లో ఉంటున్నారు. మర్నాడు పొద్దున వెళ్లాను. రెండు గదుల ఇల్లు. నన్ను చూసి గుర్తుపట్టారు, కుర్చీ వేశారు. ఆయన భార్య కరుణమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను చేసిన పని అంతా చెప్పాను. యాదగిరి మీదా, శేషగిరి గారి మీదా పెట్టకుండా, నంబరు వద్దన్నది నేనే అని చెప్పాను. క్షమించమన్నాను.

ఆయన కరుణమ్మ వైపు చూశారు. కరుణమ్మే చెప్పింది. ఆ పేపర్ ముక్కను ఎవరో పంపుహౌసు గోడకు అంటించారట. గల్లీల్లో పిల్లలు ఆ మాటతోనే పిలిచేవారట. ఏ బస్తీకి నీళ్లు వదిలారో ఆ బస్తీ పిల్లలే. నాచారంలో వాళ్ల చర్చిలో ఆయన డోలక్ వాయించేవారు. కొన్ని రోజులు వెనక కూర్చోమన్నారు పెద్దలు. ఆ కొన్ని రోజులు అయిపోలేదు. ఆయన ఇటు బదిలీ అడిగి వచ్చేశారు.

"పద్నాలుగేండ్లాయె ఈయన నాచారం గల్లీల అడుగువెట్టక," అంది కరుణమ్మ. "మా అత్తమ్మ సమాధి ఆడనే ఉంది. పండుగనాడు నేనొక్కదాన్నే వోత."

నేను మళ్లీ క్షమించమన్నాను. అప్పుడు సాల్మన్ గారు మాట్లాడారు.

"నాకెందుకు చెప్తున్నరు సార్? నేను ద్రోహిని కాదని నాకెర్కే. ఎర్క లేనిది నాచారమోళ్లకు. ఆడ జెప్పున్రి."

"పేపర్లో వేయించే అధికారం ఇప్పుడు నాకు లేదండీ."

"పేపర్ల వద్దు సార్. మా చర్చిల ఆదివారం సాక్ష్యం జెప్తరు. ఎవలన్న లేచి తమ సంగతి చెప్పుకోవచ్చు. ఆడ నిలవడి చెప్పున్రి."

మీరు రారా అని ఆయన్ని అడిగాను. రానన్నారు.

ఆ ఆదివారం వెళ్లాను. రేకుల కప్పు చర్చి, నాచారం బస్తీ మధ్యలో. మా ఇంటికి పది నిమిషాల నడక, ఇన్నేళ్లలో ఒక్కసారీ లోపలికి వెళ్లలేదు. పాస్టరు గారికి ముందే చెప్పాను. కరుణమ్మ వెనక వరుసలో చాప మీద కూర్చుంది. పాటలయ్యాక నన్ను పిలిచారు. చెప్పులు లేకుండా వాళ్ల ముందు నిలబడి, ఇక్కడ మీకు రాసినదంతా చెప్పాను. మినహాయింపు కాగితం, సంపు, నంబరు వద్దనడం, ఉత్తరం పోగొట్టడం, అన్నీ. నా పేరు చెప్పాను. ఆ శీర్షిక కింద నా పేరు పడడం అదే మొదటిసారి.

మొదటి వరుసలో ఒక ముసలామె, చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, నా వైపు చూసింది.

"సారూ, నువ్విప్పుడు చెప్పినయన్ని సాల్మన్ అప్పుడే చెప్పిండు. పేపర్ల వచ్చినంక ఆదివారం, గీడనే నిలవడి, కాగితం చేతుల వట్టుకొని చెప్పిండు. మేం నమ్మలె. పేపరోళ్లు ఊకెనే రాస్తరా అనుకున్నం."

చుట్టూ కూర్చున్నవాళ్లలో కొందరు తలలు దించుకున్నారు. కరుణమ్మ చాప మీద నుంచి లేచి, ఎవరివైపూ చూడకుండా బయటికి వెళ్లిపోయింది.